రియాలిటీ షోలు చూసి మానసిక ఆరోగ్యం గురించి నేర్చుకోగలమా?

గోదావరి గట్టు:
"రియాలిటీ షో వల్లే మా ఇంట్లో డిప్రెషన్ అన్న మాట బయటికొచ్చింది" అని ఇక్కడే ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. బిగ్‌బాస్ తెలుగులో మొదలైన 2017 నుంచి చూస్తున్నాను. ఫోన్ ఉండదు, గడియారం ఉండదు, ఇంటివాళ్ల కబురుండదు, పైగా నామినేషన్లు. మనిషిని అలా ఉడికించి, ఏడవగానే దాన్ని ప్రోమోలో వేస్తే అది అవగాహన ఎలా అవుతుంది?

కృష్ణలంక పద్మ:
ఆ మాట రాసింది నేనేనండి. ఒక షోలో ఒకమ్మాయి నిద్ర పట్టట్లేదని, ఊరికే గుండె దడ వస్తోందని ఏడ్చింది. బీరకాయ చెక్కు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "నాకూ ఇంతేనే. రెండింటికి మెలకువొస్తే మళ్లీ తెల్లారేదాకా కన్ను మూతపడదు" అంది. నాన్న పోయిన ఏడాదిన్నరలో తన గురించి అమ్మ నోరు విప్పడం అదే మొదటిసారి. ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

లెస్టర్ రవి:
పద్మ గారూ, అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు? ఇక్కడ బ్రిటన్‌లో మంచీ చెడూ రెండూ చూశాం. 2018లో లవ్ ఐలాండ్ అనే డేటింగ్ రియాలిటీ షోలో ఒకతని తీరు మీద, గృహహింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే విమెన్స్ ఎయిడ్ అనే సంస్థ గట్టిగా హెచ్చరించింది. గ్యాస్‌లైటింగ్ అంటే, ఎదుటి మనిషికి తన మీద తనకే నమ్మకం పోయేలా చేయడం అని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఆ షోలో పాల్గొన్న ఇద్దరు 2018, 2019లలో తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. బయటికొచ్చినవాళ్లకు కనీసం 8 థెరపీ సెషన్లు ఇస్తామని ఆ షో వేసే ఛానెల్ ఐటీవీ 2019లో చెప్పింది. పాల్గొనేవాళ్ల క్షేమం చూడాలన్న, ఇక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనలు 2021లో గానీ రాలేదు.

గోదావరి గట్టు:
పద్మ గారూ, మీ అమ్మగారి సంగతి చదివాక కాదనలేకపోతున్నాను. కానీ ఆ అమ్మాయి మాటేమిటండీ? అమ్మగారికి డాక్టర్ దొరికారు. అలా ఏడ్చినవాళ్లకు కామెంట్లలో దొరికేది "ఓవరాక్షన్" అన్న మాటే.

కృష్ణలంక పద్మ:
నిజమేనండి, ఆ అమ్మాయి గురించి నేను ఆలోచించలేదు. కనీసం ఒక పని చేయొచ్చు. ఓటుకు మిస్డ్ కాల్ నంబర్లు తెర మీద వేస్తారు కదా, ఏడుపు చూపించిన రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా అంతే పెద్దగా వేయాలి. 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాకెవరూ చెప్పలేదు. అన్నాళ్లూ అమ్మ ఒక్కతే చీకట్లో కూర్చుంది.