అప్‌డేట్: యూరైల్ పాస్ ఉంటే రిజర్వేషన్ అక్కర్లేదా?

పారిస్, మ్యూనిక్, వియన్నా, ప్రాగ్ ఒంటరిగా తిరగడానికి యూరైల్ పాస్ (యూరప్ దేశాల రైళ్లన్నిటికీ కలిపి బయటివాళ్లకు ఇచ్చే పాస్) ఒక్కటే సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను కదా. సరిపోదు. పారిస్‌లో ఎక్కే టీజీవీకి (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) సీటు రిజర్వేషన్ తప్పనిసరి. పాస్ ఉన్నవాళ్లకు ఇచ్చే సీట్లు కొన్నే, అందుకే తేదీ ఖాయం కాగానే ముందు అది కొనాలి. వియన్నా–ప్రాగ్ మధ్య నడిచే రైల్‌జెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైలుకు రిజర్వేషన్ అవసరం లేదు.

రాత్రి రైలుకు బెర్తు డబ్బు వేరే. అయితే అర్ధరాత్రికి ముందు ఎక్కి, ఆ తర్వాత రైలు మారకపోతే పాస్‌లో లెక్కపెట్టి ఇచ్చే ప్రయాణ రోజుల్లో ఒక్కటే ఖర్చవుతుంది. చాలా ముఖ్యమైనది ఇది: యూరైల్ యాప్‌లో పాస్ యాక్టివేట్ చేస్తే చాలదు, రైలు ఎక్కేలోపే ఆ ప్రయాణాన్ని పాస్‌కు కలిపి ఆన్ చేయాలి. లేదంటే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా పడొచ్చు.

యూరప్‌లోనే ఉంటున్న మన విద్యార్థులు కొనాల్సింది యూరైల్ కాదు, అక్కడ నివసించేవాళ్లకు ఇచ్చే ఇంటర్‌రైల్ పాస్.