పీత రక్తకణాల్లో రాగి ఇంత ఎక్కువ ఎందుకొస్తోంది?

ప్రశ్న:
కోరంగి మడ కాలువల్లో పట్టిన మండ పీతల మీద ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్నానండి. వెనక కాలు మొదట్లో ఉండే మెత్తటి పొర దగ్గర సూదితో రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన కణాలను నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి, లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ మెషీన్‌కి పంపాను. రాగి విపరీతంగా వచ్చింది. ఒకే రక్తాన్ని రెండుసార్లు చేస్తే రెండు లెక్కలు. రక్తం వెయ్యని ఖాళీ ట్యూబులో కూడా జింక్ ఉంది! వచ్చే వారం గైడ్ గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కణాలను కడిగారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు. పీత రక్తం గాలి తగిలితే నీలంగా మారడం చూసే ఉంటారు. ఆ రంగు హీమోసయనిన్‌ది, అంటే దాని రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్‌ది. ఒక్క ఆక్సిజన్ అణువును పట్టుకోవడానికి దానికి రెండు రాగి పరమాణువులు కావాలి. మన హీమోగ్లోబిన్‌లా అది కణాల లోపల దాక్కోదు, ద్రవంలోనే కరిగి ఉంటుంది. అడుగున చేరిన కణాల ముద్దలో ఒక్క చుక్క ద్రవం మిగిలినా మీరు కొలిచేది ఆ ద్రవంలోని రాగినే. అది ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ మిగిలి ఉంటుంది.

మూడుసార్లు కడగండి. కడిగిన నీళ్ళు పారబోయకండి, వాటినీ కొలిపించండి. మూడోదాంట్లో రాగి ఖాళీ ట్యూబు స్థాయికి దిగితేనే కణాల లెక్క నమ్మచ్చు. ఆసిడ్ పొయ్యకముందే ఒక చుక్క తీసి కణాలు లెక్కపెట్టుకోండి, పది లక్షల కణాలకి ఇంత అని రాయాలి కదా.

అడిగినవారు:
నిన్న డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి చూశానండి. ముద్ద జిగురులా అయిపోయి పైపెట్‌కి అంటుకుపోయింది.

జవాబు:
అయ్యో, కణాలు పగిలిపోయాయండి! పీత రక్తానికి సరిపోయే ఉప్పదనంతో సెలైన్ కలిపి, ఐసులో పెట్టి వాడాలి. గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపారా? అది లోహాలను పట్టేస్తుంది, కణాల పైన అంటుకున్నదాన్ని కూడా కొంత లాగేస్తుంది. తప్పదంటే అన్ని పీతలకీ ఒకే పాళ్ళు, ఒకే సమయం పాటించండి.

జింక్ సంగతి: రబ్బరు మూతలు, పౌడర్ గ్లౌజులు. మా ల్యాబ్‌లో ఈ రెండింటి వల్లే ఒక బ్యాచ్ మొత్తం పోయింది. ప్లాస్టిక్ ట్యూబులు పది శాతం నైట్రిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, మంచి శుద్ధనీటితో కడగండి.

సెలైన్‌లో సోడియం ఉందిగా, అదో తలనొప్పి. మెషీన్‌లో వాడే ఆర్గాన్ వాయువు బరువు 40, సోడియం 23, రెండూ అతుక్కుంటే 63. రాగి ఐసోటోపు బరువూ 63నే, మెషీన్ ఆ జంటను కూడా రాగిగానే లెక్కేస్తుంది! ఆ జంటను వడగట్టే హీలియం సెల్ ఆన్ చెయ్యమని మెషీన్ వాళ్ళకి ముందే చెప్పండి. ఉత్త సెలైన్‌ని కూడా ఒక నమూనాగా పంపండి.

మరొకరు:
మాది కాకినాడ బే బుడిత గుల్లలండి, ఇనుము కొలవాలి. ఇదే పద్ధతా?

జవాబు:
కడగడం ఇదే, కానీ కథ తిరగబడింది. వాటి రక్తంలో ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ ఉంటుంది, అదీ కణాల లోపలే. కాబట్టి పైన తేలిన ద్రవం ఎర్రబడిందంటే కణాలు పగిలి ఇనుము బయటికి పోయినట్టే, ఆ నమూనా వదిలెయ్యండి. పైగా గుల్ల రక్తం ఉప్పదనం బయటి నీటిని బట్టి మారుతుంది. గోదావరి వరద దిగే రోజుల్లో పట్టినవాటికి వేసవిలో కలిపిన సెలైన్ పనికిరాదు. పట్టిన చోటే నీటి ఉప్పదనం చూసి రాసుకోండి.

అడిగినవారు:
ఇప్పుడే చూశానండి, మా ట్యూబులన్నిటికీ రబ్బరు మూతలే. రేపే మారుస్తాను.