పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అదే జాయిన్ క్వెరీ (టేబుల్స్‌ని కలిపి డేటా తీసేది) ఒకరోజు 4 సెకన్లు, మర్నాడు 6 నిమిషాలు. ఎందుకు?

మారతహళ్ళి_బ్యాకెండ్: అన్నలూ, అక్కలూ, కాస్త చూడండి. హోస్కోటె గోడౌన్ నుంచి రోజూ రాత్రి 3 లక్షల దాకా స్కాన్ రికార్డులు లోడవుతాయి, తెల్లారి బండ్లు బయల్దేరేలోపు రిపోర్ట్ వెళ్ళాలి. స్కాన్స్, షిప్‌మెంట్స్, రూట్స్ అనే మూడు టేబుల్స్‌నీ కలిపి ఆ రోజు తేదీకి మాత్రమే తీసే క్వెరీ. స్కాన్స్‌లో ఇప్పటికి 2 కోట్ల వరుసలు, రూట్స్‌లో 4 వేలే. ప్రాజెక్ట్ మొదలై రెండు నెలలైంది, మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు కూడా వారానికో రోజు మామూలుగానే పరిగెడుతుంది, అదే అర్థం కావట్లేదు. తేదీ మీద, షిప్‌మెంట్ నంబర్ మీద ఇండెక్స్‌లు (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచికలు) ఉన్నాయి. ఆఫీసులో సర్వర్ పెంచుదామంటున్నారు.

జయనగర్_డీబీఏ: సర్వర్ జోలికి ఇప్పుడే పోవద్దు. స్లోగా ఉన్న రోజు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీని నడిపి, దాని ప్లాన్ చూపించే కమాండ్) వేసి, అంచనా వరుసలకీ నిజంగా వచ్చిన వరుసలకీ ఎక్కడ పొంతన లేదో చెప్పండి.

మారతహళ్ళి_బ్యాకెండ్: స్కాన్స్ దగ్గర అంచనా 1, వచ్చినవి 3,04,112. పైన నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకీ రెండో టేబుల్‌ని మళ్ళీ వెతకడం), లోపల రూట్స్ మీద సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం), లూప్స్ కూడా 3,04,112.

కోరమంగళ_కోడర్: నెస్టెడ్ లూప్ ఆఫ్ చేసేయ్ బ్రో, హాష్ జాయిన్‌కి (ఒక టేబుల్‌ని ఒక్కసారే చదివి మెమరీలో పట్టికగా పెట్టుకుని కలపడం) వెళ్తుంది.

జయనగర్_డీబీఏ: పరీక్షకైతే ఆ ఒక్క సెషన్‌లో ఆఫ్ చేసి చూడొచ్చు, సర్వర్ మొత్తానికి మాత్రం వద్దు, చిన్న చిన్న క్వెరీలన్నీ దెబ్బతింటాయి. అసలు జరిగేది ఇది: ఒక్క వరుసే వస్తుందనుకుని ప్లానర్ (క్వెరీ ఎలా నడపాలో తేల్చే భాగం) నెస్టెడ్ లూప్ ఎంచుకుంది, ఒక్కసారికి 4 వేల వరుసలు చదవడం దానికి లెక్కే కాదు, కానీ 3 లక్షల సార్లు చదివితే 120 కోట్ల వరుసలవుతాయి. ఇక ఆ 1 ఎందుకొచ్చిందంటే, ఇవాళ్టి తేదీ స్టాటిస్టిక్స్‌లో (టేబుల్‌లో ఏ విలువలు ఎన్ని ఉన్నాయో ప్లానర్ దగ్గరుండే లెక్కల్లో) లేదు. మీ టేబుల్‌లో తేదీలు అరవై పైచిలుకే కాబట్టి అవన్నీ ఎక్కువసార్లు కనబడే విలువల జాబితాలో ఉంటాయి, అందులో లేని తేదీ అడిగితే దాదాపు ఏమీ లేదనే అనుకుంటుంది. ఆ లెక్కల్ని తనంతట తాను తాజా చేసే ఆటో ఎనలైజ్ డిఫాల్ట్‌గా టేబుల్‌లో 10 శాతం, ఇంకో 50 వరుసలు మారాకే కదులుతుంది. 2 కోట్లకి అది 20 లక్షలు, అంటే మీకు వారం. అది నడిచిన ఆ ఒక్క రోజే మీ రిపోర్ట్ బాగుంటోంది. టేబుల్ చిన్నగా ఉన్నప్పుడు ఆటో ఎనలైజ్ రోజూ జరిగేది.

లోడ్ కమిట్ అవగానే (డేటా ఖాయంగా సేవ్ కాగానే) స్కాన్స్ మీద ఎనలైజ్ కమాండ్ వేయండి, రిపోర్ట్ దాని తర్వాతే. ఆ టేబుల్‌కి ఆటో ఎనలైజ్ స్కేల్ ఫ్యాక్టర్ 0.01 (ఆ 10 శాతం బదులు 1 శాతం) పెట్టండి. రూట్స్‌లో జాయిన్ కాలమ్ మీద ఇండెక్స్ కూడా పెట్టండి, ఎప్పుడైనా అంచనా తప్పినా ఇంత ఘోరంగా పోదు.

మారతహళ్ళి_బ్యాకెండ్: ఎనలైజ్ ఒక్కటే వేసి చూశాను, హాష్ జాయిన్‌కి మారింది, 5 సెకన్లు! చాలా థ్యాంక్స్ అన్నా. రాత్రి జాబ్‌లో కలిపేస్తున్నాను. అప్‌డేట్ క్వెరీలకి కూడా ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ వేసి చూడొచ్చా?

జయనగర్_డీబీఏ: చూడొచ్చు, కానీ అది నిజంగానే అప్‌డేట్ చేసేస్తుంది. ముందు బిగిన్ కమాండ్ వేసి, ప్లాన్ చూసుకుని, రోల్‌బ్యాక్ చేయండి, మార్పులు రద్దవుతాయి.