ఫుల్ లోడ్‌లో బాగానే ఉంటుంది, ఖాళీగా ఉంటే క్రాష్: ఈ ఓవర్‌క్లాక్‌లో తేడా ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచి, అన్ని కోర్లకూ 4.8 గిగాహెర్ట్జ్ పెట్టి నడుపుతున్నాను. వోల్టేజ్ అడాప్టివ్ మోడ్‌లో (అవసరాన్ని బట్టి మారేలా) 1.28 వోల్టులు, లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడినప్పుడు వోల్టేజ్ మరీ తగ్గకుండా చూసే సెట్టింగ్) మధ్య స్థాయిలో ఉంది. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ గంటల తరబడి నడిచినా ఒక్క ఎర్రర్ రాదు, వేడి కూడా 82 డిగ్రీలు దాటదు. సినీబెంచ్ అనే ఇంకో ప్రాసెసర్ టెస్ట్ కూడా ఓకే.

అసలు ఇబ్బంది ఆ తర్వాతే. టెస్ట్ ఆపిన వెంటనే గానీ, బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు గానీ ఉన్నట్టుండి ఫ్రీజ్ అయి రీస్టార్ట్ అవుతోంది. ఒక్కోసారి 'క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్' అని బ్లూ స్క్రీన్ వస్తోంది. విండోస్ ఎర్రర్లు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 'క్యాష్ హైరార్కీ ఎర్రర్' (ప్రాసెసర్ లోపలి క్యాష్ మెమరీలో లోపం) కనిపిస్తోంది, అదీ ఎక్కువగా ఒకే కోర్ మీద. ముఖ్యమైన పని మధ్యలో ఉంటే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

ర్యామ్ మీద అనుమానంతో ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే ప్రొఫైల్) తీసేశాను, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 కూడా నడిపాను. ఎర్రర్లు లేవు, క్రాష్‌లు మాత్రం ఆగలేదు. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో అయితే ఏ సమస్యా లేదు.

లోడ్ ఒక్కసారిగా తగ్గినప్పుడో పెరిగినప్పుడో వోల్టేజ్ క్షణకాలం మరీ కిందకి పడుతోందని నా అనుమానం. లోడ్‌లైన్ ఒక మెట్టు పెంచితే లోడ్‌లో వేడి పెరుగుతుంది, సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా చేసే స్థితులు) ఆపేస్తే ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు వృథా. క్యాష్ రేషియో (క్యాష్ మెమరీ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) తగ్గించడం మేలా? ఇలాంటిది సరిచేసినవాళ్లు ముందు ఏది మార్చి చూడాలో, ఖాళీ సమయపు నిలకడని ఏ టెస్ట్‌తో పట్టుకోవాలో దయచేసి చెప్పండి.