సెమినరీ చదివినవాళ్ళు తెలుగులో రాసిన కొత్త బైబిల్ స్టడీ పుస్తకాలు?

పాలకొల్లు సిస్టర్: అందరికీ వందనాలండి. మా సంఘంలో శుక్రవారం ఆడవాళ్ళ కూడిక, ఎక్కువమంది కూలికెళ్ళేవాళ్ళే, చదువొచ్చినవాళ్ళు తక్కువ. ఈమధ్య సెమినరీలో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ల డిగ్రీ) చేసిన మన కుర్రాళ్ళు బోల్డు పుస్తకాలు రాస్తున్నారు కదా, వాటిలో మాకు పనికొచ్చేది ఎలా చూసుకోవాలి? మొన్నొకటి తెచ్చాం, రెండో పేజీకే గ్రీకు మాటలు, ఎవరూ నోరు విప్పలేదు.

రాజోలు బ్రదర్: వందనాలక్కా. బైబిల్లో రూతు గ్రంథం మీద రాసింది చూడండి, 4 అధ్యాయాలే, నెలలో అయిపోద్ది. రెండో అధ్యాయంలో పరిగ ఏరడం ఉంది, కోతలయ్యాక చేలో పరిగ ఏరినవాళ్ళకి మీరేం చెప్పక్కర్లేదు, వాళ్ళే మీకు చెప్తారు. బాగా చదువుకున్న రచయితైతే అక్కడ లేవీయకాండం 19:9-10 చూపించాలి, పొలం ఓరల దాకా కొయ్యకుండా పేదలకీ పరదేశులకీ వదిలెయ్యమన్న ఆజ్ఞ అది, పరదేశి అయిన రూతు బోయజు అనే ఆసామి చేలో అడుగుపెట్టింది ఆ హక్కుతోనే. అది లేని పుస్తకం నేనైతే కొనను.

రాజమండ్రి మాస్టారు: నిజమేనమ్మా. ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో మొదలైంది మన రాజమండ్రి లూథర్‌గిరిలోనే, తర్వాత హైదరాబాద్ వెళ్ళింది, కాబట్టి ఈ చదువు మనకి కొత్త కాదు. కొనేముందు ప్రశ్నలు చదవండి, జవాబు వచనంలోంచి ఎత్తి రాసేస్తే సరిపోయేవైతే వద్దు, మనిషిని మాట్లాడించాలి.

పాలకొల్లు సిస్టర్: అలాగేనండి. పెద్దక్షరాలది ఎవరి దగ్గరైనా ఉంటే లోపలి పేజీ ఫోటో పెట్టరా, ప్లీజ్.