పిల్లల కర్ణభేరి పూడకపోతే ఆపరేషన్ ఏ వయసులో?

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. చెవిలో ఇయర్‌బడ్ (దూది చుట్టిన పుల్ల) ఉండగా తమ్ముడి చెయ్యి తగిలి కర్ణభేరికి రంధ్రం పడింది. నాలుగు నెలలైనా పూడలేదు. చీము లేదు, రెండో చెవి బాగానే ఉంది. ఒక డాక్టరుగారు ఆపరేషన్ చేయించమన్నారు, మరొకరు పదేళ్లు నిండనివ్వమన్నారు. ఏది సబబు?

మొదటి సమాధానం: ఆగడమే మేలు. ముక్కు వెనుక నుంచి మధ్యచెవికి గాలి చేర్చే యూస్టేషియన్ గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కనుక జలుబు చేసినప్పుడల్లా ఇన్‌ఫెక్షన్ చెవికి పాకి, ఆపరేషన్‌లో రంధ్రం మీద అతికించిన పొర నిలవకపోవచ్చు.

రెండో సమాధానం: ఆ వాదన నిజమే కానీ, అది ముఖ్యంగా మాటిమాటికీ చీము కారే చెవులకు వర్తిస్తుంది. దెబ్బ వల్ల పడిన రంధ్రాల్లో ఎక్కువ భాగం మూడు నెలల్లోపు వాటంతటవే పూడతాయి కాబట్టి మొదట వేచి చూడడం సరైన పనే. ఆ గడువు దాటాక, చెవి పొడిగా ఉండి, రెండో చెవి ఆరోగ్యంగా ఉన్న పిల్లవాణ్ణి కేవలం వయసు చూపి ఇంకో నాలుగేళ్లు ఆపడానికి నాకు కారణం కనిపించదు. ఆ నాలుగేళ్లూ తలస్నానానికి వాసెలిన్ రాసిన దూది, ఈతకు నిషేధం, తరగతిలో సగం వినపడని పాఠం. రంధ్రం చిన్నదైతే చెవి తమ్మెలోని కొవ్వుతో, పెద్దదైతే చెవి పైనున్న కండరపు పల్చని పొరతో మూస్తారు. ముందుగా ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) తప్పనిసరి: రంధ్రం సైజుకు మించి వినికిడి తగ్గితే లోపలి చిన్న ఎముకలు కదిలాయేమో చూడాలి. దెబ్బ తగిలిన రోజే కళ్లు తిరగడం, మూతి వంకరపోవడం ఉంటే మాత్రం ఈ వేచి చూడడం చెల్లదు, అది అత్యవసరం.

ఇంకొక మాట. రంధ్రమున్న చెవిలో వెల్లుల్లి నూనె పోయకండి, ఇంట్లో మిగిలిన జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు వేయకండి. అవి లోపలి చెవికి హాని చేయగలవు. చీము వస్తే ఆఫ్లాక్ససిన్ వంటివి డాక్టరు రాసిస్తారు.

మొదటి సమాధానమిచ్చినవారు: చెవి పొడిగా ఉందన్న సంగతికి నేను తగినంత విలువ ఇవ్వలేదు, కనుక పదేళ్లన్న గీతను పట్టుకోను. అయినా బాబు నోరు తెరిచి నిద్రపోతాడా, గురక పెడతాడా అన్నది ముందు చెప్పండి. ముక్కు వెనుక, యూస్టేషియన్ గొట్టం మూతి దగ్గరుండే ఎడినాయిడ్లు (టాన్సిల్స్ లాంటి కండ) పెరిగి ఉంటే వాటి సంగతి తేల్చకుండా చెవి ఆపరేషన్‌కు తేదీ తీసుకోవడం తొందరపాటే అవుతుంది.