అప్‌డేట్: వీధిదీపాల ఎదుట ఎగిరిన ఆకుపచ్చ చుక్కలేంటో తేలింది

రాత్రి ఫోన్ వీడియోలో ఆకాశంలో మూడు ఆకుపచ్చ చుక్కలు బారుగా ఎగురుతున్నాయి, ఇవేంటని అడిగాను కదా. లెన్స్ ఘోస్టే. దీపం కాంతి కెమెరా సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) మీద పడి వెనక్కి మళ్లి, లెన్స్ గాజు మీద మరోసారి ప్రతిఫలించి ఏర్పడే నకలు.

పరీక్ష తేలికే. వీడియో ఆపి, దీపం నుంచి ఫ్రేమ్ మధ్యబిందువు మీదుగా గీత గీయాలి. అవతలి వైపు అంతే దూరంలో చుక్క ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇందులో మూడు దీపాలు, మూడు చుక్కలు. అదే వరస తలకిందులుగా. ఫోన్ పైకెత్తితే దీపం ఫ్రేమ్‌లో కిందికి జారుతుంది, చుక్క పైకి పోతుంది. ఆ 'ఎగరడం' మొత్తం ఇంతే!

ఒక్క చిక్కుంది: స్టెబిలైజేషన్ (వీడియోలో కుదుపులు తగ్గించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఫోన్ అంచులు కత్తిరించి ఫ్రేమ్‌ని జరుపుతుంది, అందుకే చుక్క కొద్దిగా పక్కకు పడుతుంది. జూమ్ చేసి కత్తిరించిన కాపీ అయితే ఈ లెక్క అసలు కుదరదు, ఒరిజినల్ ఫైలే కావాలి.